ఈ వారం మా ఇంట్లో: ఒక్క చందమామ

వానాకాలం వెళ్ళిపోయిందని పంచాంగం చెప్పకముందే మా రాజమండ్రిలో మూడు సాక్ష్యాలు దొరుకుతాయి. ఒకటి, ఇన్నాళ్ళూ వసారాలో తాళ్ళమీద ముక్కవాసన కొడుతూ వేళ్ళాడిన బట్టలు మేడెక్కుతాయి. రెండు, గోదావరి నీళ్ళలో ఎరుపు విరగడం మొదలుపెడుతుంది. మూడు, లంకల్లో రెల్లు పూస్తుంది. 1974లో వచ్చిన రోడ్డు రైలు వంతెన మీంచి పోతూ చూస్తే, ఊళ్ళో చాకళ్ళందరూ కలిసి పంచెలన్నీ ఒక్కచోటే ఆరేశారా అనిపిస్తుంది.

పంచాంగం లెక్క మాత్రం ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి. అక్కణ్ణించి కార్తీకం ఆఖరుదాకా శరత్తు. మన కవులు ఋతువులకు రంగులు పంచిపెట్టినప్పుడు శరత్తు వాటాకు తెలుపు వచ్చింది. వెన్నెల తెలుపు, రెల్లు తెలుపు, నీళ్ళన్నీ దింపుకుని తేలికపడిన మబ్బు తెలుపు, హంసలు తెలుపు. హంసలకు నేను పూచీపడలేనుగాని తక్కిన మూడూ మా ఊళ్ళో ఉన్నాయి. ఈ వారం మా ఇంట్లో ఈ తెలుపు గురించే పెద్ద హడావిడి జరిగింది. అది చెబుతాను. ముందు చిన్న కబుర్లు కానివ్వండి.

కోనసీమలో వ్యవసాయం చేస్తున్న మా బావమరిది ఫోను చేశాడు. స్వర్ణ వరి పొట్టమీద ఉందిట. ఈ స్వర్ణ మన మార్టేరు పరిశోధన కేంద్రం బిడ్డే, 1982లో పుట్టింది. చేను బాగుందని చెబుతున్నాడేగాని, ఆ గొంతులో నిశ్చింత లేదు. కోస్తా రైతుకు శరత్తు రెండు మొహాల ఋతువు. ఒకవైపు వెన్నెల, ఒకవైపు వాయుగుండం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చిపెట్టింది ఈ ఋతువులోనే. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలు పడిపోయిందీ ఈ ఋతువులోనే. మా ఆవిడ అప్పటికి హైస్కూలు పిల్ల. తెల్లారి లేచి చూస్తే తమ పెరట్లోంచి పక్కవూరి గుడి కనబడిందని ఇప్పటికీ చెబుతుంది. మధ్యన అడ్డం ఉండవలసిన చెట్లు లేవన్నమాట. అందుకే మా ఇంట్లో ఆశ్వయుజం వచ్చిందంటే పాటల కార్యక్రమంకన్నా వాతావరణ సమాచారం ముందు వింటారు. ఈ వారానికి సముద్రం శాంతంగానే ఉంది.

మా అబ్బాయి ఇంటర్మీడియట్ మొదటి ఏడు. మూలా నక్షత్రంనాడు సరస్వతీ పూజలో పెట్టిన పుస్తకాలు మళ్ళీ విజయదశమిదాకా ముట్టుకోకూడదన్న నియమం ఒకటి మా ఇంట్లో ఉంది. వాడికి మన సంప్రదాయాలన్నిటిలోనూ దీనిమీదే గట్టి నమ్మకం. ఈ ఏడు నాలుగు రోజులు ముందే లెక్కలు, భౌతికశాస్త్రం పుస్తకాలు కట్టగట్టి, దారంతో ముడివేసి, పసుపురాసి సిద్ధం చేసుకున్నాడు. వాడి భక్తికి వాళ్ళమ్మ మురిసి, ఆ కట్టలోంచి రెండు పుస్తకాలు వెనక్కి లాగింది.

ఇక కాలేజీలో. సెలవులకు ముందు ఆఖరి క్లాసు. నన్నయ్యగారి అరణ్యపర్వం దగ్గర ఉన్నాం. ఇదే ఊళ్ళో రాజరాజనరేంద్రుడి కొలువులో పదకొండో శతాబ్దంలో ఆయన భారతం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయాడు. ఆయన ఆఖరి పద్యమని పెద్దలు చెప్పేది శరత్కాలపు రాత్రుల వర్ణన. పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన తక్కిన భాగం అందుకున్నప్పుడు, ఆయనా శరత్తు దగ్గరే మొదలుపెట్టాడు. అయితే ఆయనది తెల్లవారే వేళ. నన్నయ్య రాత్రి దగ్గర ఆపితే ఎఱ్ఱన ఉదయం దగ్గర అందుకున్నాడని నేను ఏటా చెప్పే మాటే మళ్ళీ చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "అయితే మేష్టారూ, మధ్యలో ఆ ఒక్కరాత్రీ మూడువందల ఏళ్ళకు దగ్గరగా సాగిందన్నమాటండీ!" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠంలో నాకు తట్టని మాట అది. నోట్సులో రాసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

మా అమ్మకు డెబ్బైనాలుగేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. డాక్టరు ఆపరేషన్ చెయ్యాలని చెప్పి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో మా అమ్మ చెప్పని వాయిదా లేదు. వేసవిలో అడిగితే "ఎండలకు కన్ను ఆగదు." వానల్లో అడిగితే "చెమ్మకు చీము పడుతుంది." చలికాలంలో అడిగితే "పండగల్లో మంచాన పడుకోమంటావా?" ఇవన్నీ అయ్యాక ఆఖరి అస్త్రం, "ఇంకా పండలేదురా. పండనీ." శుక్లం మామిడికాయలాగా పండాలన్నది వెనకటి మాట. ఇప్పటి పద్ధతిలో పండేదాకా ఆగనక్కర్లేదనీ, మరీ ముదిరితే గట్టిపడి తీయడం కష్టమవుతుందనీ, ఋతువులతో అసలు నిమిత్తమే లేదనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మా అమ్మ శ్రద్ధగా విని, బయటికొచ్చి, "మంచి పిల్ల. చిన్నవయస్సు" అని తీర్పు చెప్పేసింది.

ఈలోగా కన్ను మసకబారుతూనే ఉంది. దీపం చుట్టూ వలయాలు కనిపించేవి. ఒక్కటి ఉన్నచోట రెండు మూడు కనిపించేవి. మొన్న వినాయకచవితినాడు మరిచిపోయి ఆకాశంకేసి చూసి, "ఒక్క చంద్రుణ్ణి చూస్తేనే నీలాపనిందలంటారు, నాకు ముగ్గురు కనిపించార్రా" అని ముమ్మారు అక్షింతలు నెత్తిన వేసుకుంది.

పాడ్యమినాడు బొమ్మల కొలువు. మా ఇంట్లో కొలువు పెట్టడం మా అమ్మ హక్కు. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రకు లక్కపూసిన ఏటికొప్పాక బొమ్మలు, నా చిన్నప్పటి మట్టి శెట్టిగారు, అన్నీ భోషాణంలోంచి దిగాయి. అమ్మ ఒక్కొక్కదాన్నీ పాత బట్టలోంచి విప్పి, "ఇది మత్స్యావతారం. ఇది వామనుడు, గొడుగుంది చూడు. ఇది అంబారీ ఏనుగు" అంటూ అందిస్తోంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి మెట్లమీద సర్దుతోంది. కాసేపయ్యాక ఆ పిల్ల అమ్మ చేతులకేసి చూడటం మొదలుపెట్టింది. తర్వాత బొమ్మను తనే విప్పి, చేతికివ్వకుండా బారెడు దూరంలో పట్టుకుని, "మామ్మా, ఇదేమిటో చెప్పు" అంది.

"కృష్ణుడు."

"కాదు మామ్మా, తాడిచెట్టెక్కే మనిషి."

"ఏదో ఒకటిలేవే. ఇద్దరూ కుండల వ్యవహారం వాళ్ళేగా" అంది అమ్మ. అందరం నవ్వాం. పిల్ల మాత్రం నవ్వలేదు.

"అయితే నువ్వు ఇందాకణ్ణించీ చూసి చెప్పటంలేదు. తడిమి చెబుతున్నావు."

అమ్మ మాట్లాడలేదు.

"మరి అట్లతద్దినాడు ఎలా మామ్మా? చంద్రుణ్ణి చూశాకే భోజనం అన్నావు. నువ్వే చూపిస్తానన్నావు. నీకు ముగ్గురు కనిపిస్తున్నారుగా, ఏ చంద్రుణ్ణి చూపిస్తావు?"

ఈ అట్లతద్ది ఒప్పందం వాళ్ళిద్దరి మధ్యా వేసవి నుంచీ నడుస్తోంది. తెల్లవారుజామున లేచి గోంగూర పచ్చడితో అన్నం తినడం, గోరింటాకు, ఉయ్యాల, సాయంత్రం పదకొండు అట్ల వాయనం, అన్నీ తన చిన్నప్పటిలాగే చేయిస్తానని అమ్మ మాటిచ్చింది. పిల్ల మొదటిసారి నోచుకుంటోంది. అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ, అంటే ఇంక పద్దెనిమిది రోజులు.

ఆ రాత్రి అమ్మ తొందరగా పడుకుంది. పొద్దున్నే కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ, "ఒరేయ్, ఆ డాక్టరమ్మ ఎప్పుడు రమ్మంది?" అంది.

విదియనాడు పరీక్షలు జరిగాయి. రక్తపుపోటు, చక్కెర, కంటి కొలతలు. కంట్లో పెట్టే కటకం ఎంత శక్తి గలది కావాలో ఆ కొలతలనుబట్టి లెక్కకడతారు. చవితినాడు కుడికంటికి ఆపరేషన్ అని నిశ్చయమైంది. పక్కింటి పిన్నిగారు "నవరాత్రుల్లో ఆపరేషనేమిటి వదినా!" అని ఆశ్చర్యపోతే, అమ్మ "అమ్మవారు తొమ్మిది రోజులూ కళ్ళు తెరుచుకునే ఉంటుందిగా, చూసుకుంటుందిలే" అంది. ధైర్యం వచ్చేసిందనుకున్నాం.

తదియ రాత్రి పదిగంటలప్పుడు నన్ను పిలిచింది.

"నాకు కన్ను పోతుందని భయం కాదురా. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు. తలకు ఇటూ అటూ ఇసకసంచులు పెట్టి, కదలకూడదన్నారు. వారంరోజులు నేనే పక్కన కూర్చుని చెంచాతో జావ పోశాను. కట్టు విప్పిననాడు ఎదురుగా నేనే ఉన్నాను. మా అమ్మ నాకేసి తేరిపార చూసి, 'ఎవరమ్మా నువ్వు?' అంది. తర్వాత సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి, అన్నీ కనిపించాయి. అయినా ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. రేపు కట్టు విప్పాక నేనూ నిన్ను చూసి ఎవరు బాబూ అంటానేమోరా."

రెండేళ్ళ ఎండలూ వానలూ పండగలూ దాటి అసలు సంగతి అప్పుడు బయటపడింది. దానికి జవాబు ఓదార్పు కాదు, కారణం చెప్పడం. తెలిసినంతవరకు చెప్పాను. ఆ రోజుల్లో మసకబారిన కటకాన్ని తీసేసేవారేగాని, దాని స్థానంలో మామూలుగా ఏమీ పెట్టేవారు కారు. కటకం లేని కంటికి ఎంత దగ్గరవాళ్ళైనా అలుక్కుపోయినట్లే ఉంటారు. ఆ లోటును బయట దళసరి అద్దాలతో పూడ్చేవారు. అమ్మమ్మ ఆ వేళ కూతుర్ని మరిచిపోలేదు; ఆవిడ కంట్లో అద్దం లేదు, అంతే.

లోపలే కటకం పెట్టవచ్చునని 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు చేసి చూపించాడు. ఆయనకు ఆ ఆలోచన యుద్ధవిమానాల దగ్గర వచ్చింది. విమానం పైకప్పు పగిలి పైలట్ల కళ్ళలో గుచ్చుకున్న ఒకరకం ప్లాస్టిక్ ముక్కలను కన్ను పెద్దగా ఎదిరించకుండా భరించడం ఆయన గమనించాడు. కన్ను భరిస్తుంది గదా, అయితే దానితోనే కటకం ఎందుకు చెయ్యకూడదనుకున్నాడు. తోటి వైద్యులు చాలాకాలం ఒప్పుకోలేదు. ఇవాళ లోకమంతా ఆయన దారిలోనే నడుస్తోంది. మన సుశ్రుతసంహితలోనే శుక్లానికి శస్త్రచికిత్స ఉంది; అది మసకపొరను సూదితో పక్కకు నెట్టే పద్ధతి. ఇప్పుడు రెండు మూడు మిల్లీమీటర్ల గాటులోంచి, సన్నని ధ్వనితరంగాలతో శుక్లాన్ని పొడిచేసి పీల్చేసి, మడతపెట్టిన కటకాన్ని లోపలికి పంపుతారు. అది లోపల తనంతట తనే విప్పుకుంటుంది. చాలామందికి కుట్టు కూడా ఉండదు.

అమ్మ అంతా విని, "అయితే రేపు నా కంట్లో విమానం ముక్క పెడతారన్నమాట" అంది. తర్వాత నిద్రపోయింది. నేనే నిద్రపోలేదు.

చవితినాటి ఆపరేషన్ గురించి చెప్పేందుకు ఎక్కువ లేదు. ఇంజక్షన్ లేదు, మత్తుచుక్కలు వేశారు. బయట నేనూ మా ఆవిడా బెంచీమీద కూర్చుని, గోడమీది కళ్ళ పటంలో ఏ భాగం ఏమిటో చదవడం పూర్తిచేసేలోపల తలుపు తీశారు. పావుగంట. ఆ పావుగంటకు భయపడి రెండేళ్ళు గడిపాం. సాయంత్రానికి ఇంటికొచ్చి, ఒంటికన్నుతో ఉప్మా బాగాలేదని కూడా చెప్పింది.

పంచమినాడు పొద్దున్న కట్టు విప్పారు. నేను కావాలనే ఎదురుగా నిలబడ్డాను. డాక్టరమ్మ పత్తితో కన్ను తుడిచి, "మెల్లిగా తెరవండి మామ్మగారూ" అంది. అమ్మ తెరిచింది. రెండుసార్లు ఆర్పింది. నాకేసి తేరిపార చూసింది. నా గుండె ఒక్క క్షణం ఆగిన మాట నిజం.

"ఒరేయ్, నీ జుట్టు ఎప్పుడు నెరిసిందిరా?" అంది.

నర్సమ్మ ఫక్కున నవ్వింది. మా ఆవిడ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నలభై ఆరేళ్ళు వచ్చాక నా తల నెరిసిందన్న వార్త ఇంత సంతోషం కలిగిస్తుందని నేను అనుకోలేదు.

అక్కణ్ణించి మా ఇంటికి మరో అధికారి వచ్చినట్లయింది. ఫాను రెక్కల దుమ్ము, దేవుడి గదిలో సాలెగూడు, స్టీలు గిన్నె అడుగున మాడు, ఒక్కటీ తప్పించుకోలేదు. మా ఆవిడ కట్టుకున్న చీరను చూసి "ఇది నీలమా! రెండేళ్ళుగా ఆకుపచ్చ అనుకుంటున్నానే" అంది. శుక్లం పసుపుపచ్చని అద్దంలాంటిది. అది అడ్డం ఉన్నన్నాళ్ళూ నీలాన్ని మింగేస్తుంది. అమ్మ ఒక కన్ను మూసి ఒకటి తెరిచి, "ఈ కంటికి గోడ సున్నం వేసినట్లుంది, ఆ కంటికి కాఫీ డికాక్షన్ పోసినట్లుంది" అని పిల్లలకు వినోదం చూపిస్తోంది.

హనుమకొండలో ఉన్న మా అక్కయ్య వీడియో పంపింది. అక్కడ భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, అష్టమినాడు సద్దుల బతుకమ్మదాకా తొమ్మిది రోజులూ పూలజాతర. పద్మాక్షి గుట్ట దగ్గర చెరువుకు ఆడవాళ్ళందరూ బతుకమ్మలు ఎత్తుకుని వస్తారు. మొదటిరోజు పంపిన వీడియో చూసి అమ్మ "అంతా తంగేడే పేర్చినట్లుందే" అంది. ఇప్పుడు అదే వీడియోను మా అబ్బాయి టీవీలో వేశాడు. "ఇందులో తెల్లపూలు ఉన్నాయే!" అంది అమ్మ. "గునుగు అమ్మా, మొదటిరోజూ ఉంది" అంది అక్కయ్య ఫోనులో. తల్లీకూతుళ్ళిద్దరూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత పూల ధరల గురించి మాట్లాడుకున్నారు.

ఆ సాయంత్రమే పిల్లలు మామ్మను మేడమీదికి తీసుకెళ్ళారు. పడమట పంచమి చంద్రుడు, కొబ్బరిమట్టకు పక్కన. అమ్మ ఎడమకన్ను మూసి చూసింది. "ఒక్కడే. అంచు కూడా గీత గీసినట్లుంది" అంది. మా అమ్మాయి అప్పుడు నవ్వింది.

షష్ఠినాడు చిన్న సాహసం. రెల్లు చూడాలంది. దుమ్ము తగలకూడదుగనక, నల్ల కళ్ళద్దాలు పెట్టి, మా కాలేజీ మిత్రుడి కారులో అద్దాలు బిగించి, వంతెనమీదుగా కొవ్వూరుదాకా తీసుకెళ్ళాం. లంకలు రాగానే "ఆపరా" అంది. వంతెనమీద ఆపడం కుదరదు. అందుకని కొవ్వూరులో వెనక్కి తిప్పి మళ్ళీ చూపించాం. ఇంటిదగ్గర దిగుతూ "అంత తెలుపు ఎప్పుడూ ఉండేదా, ఈ ఏడే పూసిందా?" అని అడిగింది. ఎప్పుడూ ఉందమ్మా అన్నాను.

ఇప్పుడు ఇంట్లో చుక్కల మందుకు వేళల పట్టిక గోడకు అంటించి ఉంది. మా అబ్బాయి దానికి ఇన్‌చార్జి. లెక్కల పుస్తకం ఎలాగూ అమ్మవారి దగ్గరుంది. తలంటు కొన్నాళ్ళు లేదు, వంగి ముగ్గు వెయ్యడం లేదు, పొయ్యి దగ్గరికి వెళ్ళడం లేదు. దగ్గర అక్షరాలకు కళ్ళద్దాలు నెలరోజుల తర్వాత కొలిచి ఇస్తారు. అందుకని సరస్వతీ పూజలో అమ్మ తన భాగవతం కూడా పెట్టి, "నేనూ చదవక్కర్లేదుగా" అని మనవడితో రాజీ కుదుర్చుకుంది. ఎడమకంటి మాట ఎత్తితే "కార్తీకం వెళ్ళనీ" అంది. నేను పట్టిక తీసి తారీకు రాయబోతే, "మార్గశిరం మొదటివారం రాసుకో, నువ్వు మరిచిపోతావు" అని తనే చెప్పింది.

ఇళ్ళలో డెబ్బై దాటిన పెద్దవాళ్ళున్న పాఠకులు ఒక్కసంగతి గమనించండి. వాళ్ళు చెప్పే ఎండా వానా పండగా నమ్మకండి. వెనక వేరే భయం ఏదో ఉంటుంది. రాత్రి పదిగంటలకు పక్కన కూర్చుంటే అది బయటికొస్తుంది.

అట్లతద్దికి అట్లు మా ఆవిడ పోస్తుంది. చంద్రుణ్ణి చూపించే బాధ్యత మాత్రం మా అమ్మదే. బహుళ తదియ గనక చంద్రుడు పొద్దుపోయాకగాని రాడనీ, ఆకలికి ఓర్చుకోవాలనీ మనవరాలికి ఇప్పటినుంచే చెబుతోంది. "వచ్చేది ఒక్కడే గదా, వెతుక్కోనక్కర్లేదులే" అని ధైర్యం కూడా చెబుతోంది.

ఈ వారానికి ఇవీ కబుర్లు. పైవారం జమ్మి ఆకుతో కలుసుకుందాం.